మాట వినని చుక్కలు

ఎల్లప్ప రెండడుగులు వేశాడు. మూడోది వెయ్యబోయి ఆగిపోయాడు. ఇటూ అటూ ఉన్న ఇనప కడ్డీల మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి.

"నడువప్పా, ఆగద్దు," అన్నాడు హరినాథ్.

"ఈడ గుచ్చుతా ఉండాది సార్. సూది పెట్టి పొడిచినట్టు."

"కొత్తలో అట్లే ఉంటుంది."

ఎల్లప్ప ఇంకో అడుగు వెయ్యలేదు. నగరిలో మరమగ్గాల మధ్య రోజంతా నిలబడి పనిచేసిన మనిషి. నొప్పికి మొహం చిట్లించడం అతనికి అలవాటు లేదు. చొక్కా వీపు మీద చెమట మరక మాత్రం చూస్తుండగానే పెరుగుతోంది. గోడ పక్కన బెంచీ మీద అతని భార్య మోహన సగం లేచి, ఎవరూ రమ్మనలేదని మళ్ళీ కూచుంది.

షబ్రీన్ మోకాళ్ళ మీద కూచుని వంగి చూసింది. ఎల్లప్పకి మోకాలి కింద జానెడు కాలు మిగిలింది. ఆ మొండికాలు దూరడానికి గిన్నెలాంటి తొడుగొకటి చేస్తారు. కృత్రిమ పాదాన్ని దాని కిందే బిగిస్తారు. ఒత్తిడి ఎక్కడ పడుతోందో తెలియడానికి ముందు గాజులాంటి ప్లాస్టిక్‌తో చేసి చూస్తారు. అది సరిపోయాకే అసలుది. ఇప్పుడు ఆ ప్లాస్టిక్‌లోంచి ఎల్లప్ప చర్మం కనిపిస్తోంది. ముందువైపు, కింది అంచుకి రెండంగుళాల పైన, రూపాయి బిళ్ళంత మేర రక్తం ఆడక తెల్లగా పాలిపోయి ఉంది.

"ఇది రెండో తొడుగు," అన్నాడు హరినాథ్, ఎవరితోనూ కాకుండా. తర్వాత గొంతు పెంచి, "జిలాన్‌భాయ్! ఒకసారి ఇటు రా," అన్నాడు.

వర్క్‌షాపులోంచి జిలాన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. చేతుల వెంట్రుకల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. చిత్తూరులోని ఈ కాళ్ళ కేంద్రంలో మొన్న ఉగాది దాకా మొండికాలికి ప్లాస్టర్ కట్టి అచ్చు తీసింది అతనే. ఉగాది తర్వాత స్కానర్ వచ్చింది, అచ్చులు చెక్కే మిషన్ వచ్చింది. ఇప్పుడతని పని మిషన్ చెక్కిన అచ్చుకి ఉప్పుకాగితం పట్టడం, దాని మీద వేడి ప్లాస్టిక్ లాగడం, అంతవరకే.

"షబ్రీన్, ఎల్లప్ప కాలు పెట్టు," అన్నాడు హరినాథ్.

షబ్రీన్ లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. గోడకున్న పెద్ద తెర మీద ఎల్లప్ప మొండికాలు వెలిగింది. నెమ్మదిగా తిరుగుతోంది. మోకాలి గుండ్రం, పిక్క పల్లం, కింద ముడుచుకున్న చర్మం, అన్నీ ఎక్కడా గీత పడకుండా, నూనె రాసినట్టు వెలుతురు జారిపోతూ ఉన్నాయి. ఈ బొమ్మ గీసే ప్రోగ్రాం షబ్రీన్ రాసిందే. కాలు చుట్టూ స్కానర్ తిప్పితే అది చర్మాన్ని లక్ష పైచిలుకు చుక్కలుగా కొలిచి ఇస్తుంది. చుక్కలంటే ఒట్టి చుక్కలే, వాటి మధ్య ఏమీ ఉండదు. వాటిని ముక్కోణాలుగా కలిపి వల అల్లడం అందరూ చేసే పని. షబ్రీన్ వల అల్లలేదు. ప్రతి చుక్క మీదా ఒక చిన్న గుండ్రటి బిళ్ళ పరిచింది. ఆ బిళ్ళ ఎటు వాలి ఉండాలో ఇరుగుపొరుగు చుక్కల్ని అడిగి తేల్చుకునేలా రాసింది. ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి చేప పొలుసుల్లా కప్పుకుంటే, చూసేవాళ్ళ కంటికి అతుకే లేని వంపు తయారవుతుంది. ఎంత దగ్గరికి తెచ్చినా కోణాలు తేలవు. ఆ పని నచ్చే కేంద్రం నడిపే హరినాథ్ ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నాడు.

"చూడు," అన్నాడతను జిలాన్‌తో. తెర మీద ఆ చోట వేలు పెట్టాడు. "ఇక్కడ ఏమన్నా ఉందా? నున్నగా ఉంది. మిషన్ ఇదే చెక్కింది. ఇక మధ్యలో మనిషి చెయ్యి పడింది నీదొక్కటే."

"మిషన్ కాడినుంచి వచ్చినప్పుడే అచ్చు నున్నంగా ఉండె సార్. నేను ఉప్పుకాగితం పైపైన ఆడించినా, అంతే."

"ఆ పైపైనే ఎక్కువ అరిగింది. అచ్చు అరిగితే తొడుగు అక్కడ బిగుతవుతుంది. నేను నీకు చెప్పాలా?"

జిలాన్ తెర వంక చూశాడు. ఎల్లప్ప కాలి వంక చూశాడు. మోహన తననే చూస్తుండడం గమనించి, మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు.

"శనివారం తిరుపతిలో మనకి డబ్బిచ్చే ట్రస్టువాళ్ళ ముందు నువ్వు నడవాలప్పా," అన్నాడు హరినాథ్ ఎల్లప్పతో. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కాళ్ళ కోసం రెండువందల మంది వరసలో ఉన్నారు. నువ్వు నడిస్తే ఇంకో మిషన్ ఇస్తారు. నీ వల్ల కాదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా."

ఎల్లప్ప నోరు తెరిచేలోపు బెంచీ మీంచి మోహన లేచింది.

"నడుస్తాడు సార్. నడుస్తాడు. ఆయప్పకి ఏం నొప్పీ లేదు."

ఎల్లప్ప భార్య వంక చూడలేదు. కడ్డీలు పట్టుకుని ఇంకో అడుగు వేశాడు. తొడుగులోపల ఆ తెల్లటి చోటు ఇంకా తెల్లబడింది.

*

గురువారం పొద్దున షబ్రీన్ వర్క్‌షాపులోకి వెళ్ళేసరికి జిలాన్ తన ఆకురాళ్ళని వరసగా గుడ్డలో చుడుతున్నాడు. సోమవారం నుంచి అతన్ని స్టోర్‌రూంకి మారుస్తున్నారని పొద్దునే గేటు దగ్గర విన్నది.

"చాచా, ఎల్లప్ప అచ్చు యాడ పెట్టినారు?"

అతను మూల వైపు గడ్డం ఎత్తి చూపించాడు. షబ్రీన్ ఆ పసుప్పచ్చటి దిమ్మను ఎత్తుకుని కిటికీ దగ్గరికి తెచ్చింది. బయట మామిడికాయల లారీలు హారన్లు కొడుతున్నాయి. అచ్చు మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, నున్నగా జారింది.

"గులకరాయి మాదిరి ఉండాది కదా?" అన్నాడు జిలాన్ వెనకనుంచి. "మనిషి కాలు అట్లుండదు బేటీ. ఎముకుంటాది, నరముంటాది, కోసిన కాడ గట్టిపడి ఉంటాది. ఇది వచ్చిన దినమే సారుతో చెప్పినా. తెర మీద లేదు కదా అన్నాడు."

"మీరు అరగదీయలేదా?"

అడిగిన వెంటనే అడగాల్సింది కాదనిపించింది. జిలాన్ కోప్పడలేదు. గుడ్డ ముడి వేసి, "రా," అన్నాడు.

ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఉండడానికి కేంద్రం వెనక ఒక రేకుల షెడ్డుంది. ఎల్లప్ప మంచం మీద కూచుని మొండికాలికి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. నిన్నటి తెల్లటి చోటు ఇవాళ నేరేడుపండు రంగుకి తిరిగింది. మోహన వాళ్ళను చూడగానే, "నిన్న కంటే మేలు మేడం, నిన్న కంటే మేలు," అంది.

జిలాన్ మంచం పక్కన కింద కూచున్నాడు. మొండికాలిని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు ఎటో పెట్టి, బొటనవేలు మెల్లగా పైనుంచి కిందికి జరిపాడు. ఒకచోట ఆగి, చెవి మీది పెన్సిలు తీసి చిన్న సున్న చుట్టాడు.

"నువ్వు పెట్టి చూడు. మెత్తంగా."

షబ్రీన్ బొటనవేలు పెట్టింది. చర్మం కింద కందిగింజంత గట్టిది తగిలింది. కోసిన ఎముక అంచున మళ్ళీ పెరిగిన మొన. కాస్త నొక్కగానే ఎల్లప్ప కాలు మొత్తం ఎగిరిపడింది.

"అబ్బా! అదే మేడం. అదే."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉన్నది ఉన్నట్టే ఉంది. మరి లక్ష చుక్కల్లో అది ఎందుకు లేదు?

కంప్యూటర్ ముందు కూచుని, స్కానర్ ఇచ్చిన ఫైలును ఏ మెరుగూ పెట్టకుండా తెరిచింది. బిళ్ళలు తీసేసింది. వెలుతురు తీసేసింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు మాత్రం మిగిలాయి, పొగమంచులో కాలున్నట్టు. జిలాన్ సున్న చుట్టిన చోటికి తిప్పి పక్కవాటంగా చూసింది.

ఉన్నాయి. నలభై, యాభై చుక్కలు, మిగతా వాటి వరసలోంచి ఇవతలికి పొడుచుకొచ్చి, చిన్న పుట్టలా నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు తన ప్రోగ్రాం నడిపింది. పుట్ట మాయమైంది. కాలు నున్నగా వెలిగింది.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తను రాసినదాన్ని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. చదవక్కర్లేదు, తప్పు ఏ వరసలో ఉందో ఆమెకు తెలుసు. మొదట్లో ప్రతి చుక్కా పన్నెండు పొరుగు చుక్కల్ని అడిగేది. జూన్‌లో ఒకరోజు ఎవరో పెద్దమనుషులు వస్తే హరినాథ్ తెర మీద బొమ్మ చూసి, "ఈ పులిపిర్లేంటమ్మా? చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి, తీసెయ్," అన్నాడు. స్కానర్ తప్పుగా కొలిచిన చుక్కలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. అవేననుకుంది షబ్రీన్. పన్నెండుని అరవై చేసింది. అరవై మంది పొరుగువాళ్ళతో కలవని చుక్కను చెత్త కింద లెక్కేసి తీసెయ్యమని ఇంకో వరస రాసింది. పది నిమిషాల పని. బొమ్మ అద్దంలా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ చుక్కలు బొమ్మకే కాదు, అచ్చు చెక్కే మిషన్‌కీ అవే వెళతాయి. ఆ సంగతి ఆ పది నిమిషాల్లో ఆమెకు తట్టలేదు. ఆ తర్వాతా తట్టలేదు.

మార్పు చేసిన తేదీ పక్కనే ఉంది. జూన్ తొమ్మిది.

సాయంత్రం అయిదింటికి హరినాథ్ గదిలో ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది. అతను కళ్ళజోడు తీసి చాలాసేపు చూశాడు.

"అంటే జిలాన్‌భాయ్ అరగదీయలేదు."

"లేదు సార్. నేను తీసేసినాను."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు."

"శనివారం దాకా గమ్మునుండు. అది అయిపోనీ, తర్వాత సరిచేసుకుందాం." ఆమె ఏదో అనబోతే చెయ్యెత్తాడు. "విను. రెండు తొడుగులు ఎందుకు పాడైనాయని ట్రస్టువాళ్ళు అడుగుతారు. చేతిపని వల్ల పోయిందంటే, అందుకే కదా మిషన్ అంటారు. ప్రోగ్రాం వల్ల పోయిందంటే మిషనే వద్దంటారు. ఆ రెండువందల మంది ఏం కావాలి? జిలాన్‌భాయ్ ఉద్యోగం ఏం పోదు, స్టోర్‌లో కూచుంటాడు. నీకు ఇరవై ఏడేళ్ళు. నీ పేరు ఆ రోజు తెర మీద పడుతుంది. నేనేమైనా అన్యాయం చెప్తున్నానా?"

అతను చెప్పినదాంట్లో రెండువందల మంది నిజమే. ఆమె రెండు బొమ్మలూ మూసేసింది. అతను అప్పటికే ఫోన్ తీశాడు.

*

శుక్రవారం కొత్త అచ్చు చెక్కే వ్యవధి లేదు. ఉన్న అచ్చుకే ఆ చోట ప్లాస్టర్ ఎక్కించి, తొడుగు మళ్ళీ లాగాలి. షబ్రీన్ అసలు చుక్కల్లోంచి ఆ పుట్ట కొలతలు కాగితం మీద రాసుకుని జిలాన్ దగ్గరికి తెచ్చింది. ఎక్కడ్నుంచి తెచ్చావని అతను అడగలేదు. కాగితం చూసి, "నాలుగు మిల్లీమీటర్లా? నా వేలికి అంతే తోచింది," అన్నాడు.

వాళ్ళిద్దరూ మధ్యాహ్నం దాకా పనిచేశారు. జిలాన్ చిన్న గిన్నెలో ప్లాస్టర్ కలిపాడు. పెరుగంత చిక్కబడేదాకా ఆగి, చెంచా కొసతో అచ్చు మీద పెట్టి, తడి వేలితో అంచుల్ని కనిపించకుండా కలిపేశాడు. ఆరాక ఆమె కొలిచింది. ఒక వెంట్రుకవాసి ఎక్కువుంది. అతను ఉప్పుకాగితం ముక్క మూడు వేళ్ళ మధ్య పట్టుకుని నాలుగుసార్లు ఆడించి, "ఇప్పుడు సూడు," అన్నాడు. సరిగ్గా ఉంది. ఓవెన్‌లో ప్లాస్టిక్ రేకు కాగి, నడుమ బొడ్డులా కిందికి వేలాడగానే ఇద్దరూ చెరో పక్క చట్రం పట్టుకుని అచ్చు మీదికి దించారు. గాలి లాగే మోటారు గుయ్యిమంది. ప్లాస్టిక్ అచ్చును కరుచుకుంది. జిలాన్ తోలు తొడుగుల చేతులతో అంచుని చుట్టూ నొక్కుతూ పోయాడు. ఆ చేతులు ఒక్కచోట కూడా తడబడలేదు.

చల్లారాక కోసి, నునుపు చేసి, ఎల్లప్పకి తొడిగారు. అతను కడ్డీల మధ్య నిలబడి, ఒంటి బరువు ఆ కాలి మీదికి తెచ్చాడు. ఆగాడు. మళ్ళీ తెచ్చాడు. చర్మం ఎక్కడా తెల్లబడలేదు. కడ్డీలు వదిలేసి నాలుగడుగులు వేశాడు.

"ఏమప్పా?" అంది మోహన.

"ఏం లేదు," అన్నాడు ఎల్లప్ప. ఇంకో రెండడుగులు వేశాడు. "ఏం లేదే. గుచ్చడం లేదు."

అప్పుడే హరినాథ్ కాగితం పట్టుకుని వచ్చాడు. "బాగుంది. నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచేశావు. దీని మీద ఒక సంతకం పెట్టు జిలాన్‌భాయ్. స్టోర్‌లోకి మార్చడానికి కారణం రాయాల కదా, అంతే."

కాగితం బల్ల మీద షబ్రీన్ ఎదురుగానే ఉంది. టైపు చేసిన అయిదు వరసలు. వయసు మీద పడటం వల్ల చెయ్యి నిలకడ తప్పి, తన అజాగ్రత్త వల్ల రెండు తొడుగులు పాడైనాయని ఒప్పుకుంటున్నట్టు.

జిలాన్ చేతుల తోలు తొడుగులు విప్పి పక్కన పెట్టాడు. చదవలేదు. "పెట్టకపోతే?" అన్నాడు.

"పెట్టకపోతే నా చేతిలో ఏముంది? ఇంటికి పంపిస్తారు."

హరినాథ్ షబ్రీన్ వంక చూడలేదు. చూడకపోవడమే చూసినట్టుంది. ఆమె ఇప్పుడు చెప్పాలనుకుంది. ఇప్పుడు. జిలాన్ పెన్ను అందుకుని, కుడినుంచి ఎడమకి, ఉర్దూలో తన పేరు రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కింద గీత గీసి పెన్ను మూత పెట్టాడు.

ఆమె చెప్పలేదు.

సాయంత్రం ఇంట్లో తల్లి మహబూబున్నీసా టీ గ్లాసు కూతురి ముందు పెట్టి, "జిలాన్‌కి చెయ్యి వణుకుతా ఉండాదంటనే?" అని అడిగింది. "బజార్లో చెప్పుకుంటా ఉండారు. ఆయన భార్య కూరగాయల కాడ కనబడి ఏడ్చె. ఇంట్లో ఆయన గాజు గ్లాసు కూడా ఎత్తలేదంట, నా చేతిలోంచి పడి పగిలిపోతాదని నవ్వుతా అన్నాడంట."

షబ్రీన్ టీ తాగలేదు. పుస్తకంలోంచి తెల్లకాగితం చించి రాయడం మొదలుపెట్టింది. మూడుసార్లు రాసింది. మొదటి రెండింట్లో 'అనుకోకుండా' అనే మాట వచ్చింది. మూడోదాంట్లో ఆ మాట లేదు.

*

శనివారం తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీది హోటల్ హాల్లో సభ. వ్యానులో వచ్చినంతసేపూ ఎల్లప్ప కొత్త కాలిని రెండు చేతులతో పట్టుకునే కూచున్నాడు. హాలు పక్కనున్న చిన్న గదిలో జిలాన్ అతనికి పట్టీలు బిగిస్తున్నాడు. ఈ పనికి ఇంకెవరూ లేక అతన్నే తీసుకొచ్చారు. షబ్రీన్ తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చింది.

"చాచా, మీరు అరగదీయలేదు. నా ప్రోగ్రాంలో తప్పు. ఆ ఎముక చుక్కల్ని నేనే తీసేసినా."

జిలాన్ పట్టీ రంధ్రంలో కొక్కెం దూర్చి బిగించాడు.

"ఎప్పుడు తెలిసె?"

"గురువారం."

అతని చేతులు ఆగాయి. "గురువారం," అన్నాడు. "నాతో సంతకం పెట్టించుకునింది శుక్రవారం. నువ్వు ఆణ్ణే ఉండావు."

"ఉండాను."

"నేను అరగదీసినా ఏమోనని రెండు దినాలు నా చెయ్యి నేనే చూసుకుంటా ఉండాను. రాత్రి లేచి చూసుకున్యా." అతను తలెత్తలేదు. "పో. సారు పిలుస్తా ఉంటాడు."

ఎల్లప్ప ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. షబ్రీన్ బయటికి వచ్చింది. కళ్ళు మండుతున్నాయి. తుడుచుకునే తీరిక లేదు, మైకు పరీక్షించడం వినిపిస్తోంది. డాక్టర్ పంకజాక్షి వరండాలో కాఫీ తాగుతోంది. ఎముకల డాక్టరుగా రిటైరై ట్రస్టులో చేరిన ఆమె మాటను అక్కడ ఎవరూ కాదనరు. షబ్రీన్ నేరుగా వెళ్ళి నిన్న రాసిన కాగితం చేతికిచ్చింది.

పంకజాక్షి కప్పు కిటికీ గట్టు మీద పెట్టి చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఆ పక్కనుంచి హరినాథ్ గబగబా వచ్చాడు. షబ్రీన్ చేతి రాత గుర్తుపట్టి అతని మొహం వాడిపోయింది.

"మేడం, అది సభ అయిన తర్వాత నేనే..."

"ఉండండి హరినాథ్ గారూ." ఆమె వేలు ఒక వరస మీద ఆగింది. "ఏమ్మా, జూన్ తొమ్మిదిన మార్చానని రాశావు. ఇవాళ జూలై ఇరవై ఆరు. ఈ మధ్యలో ఎంతమందికి స్కాన్ తీశారు?"

షబ్రీన్ భుజం మీది సంచి ముందుకి లాక్కుంది. రెండు రోజులుగా ఆమె తలలో ఒకే ఒక్క కాలు తిరుగుతోంది. ఒక ఎల్లప్ప, ఒక జిలాన్, ఒక తను. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారని, ఆ తేదీని తన చేత్తో మూడుసార్లు రాసి కూడా, ఆమెకు తోచలేదు.

నిలబడ్డచోటే సంచిలోంచి లాప్‌టాప్ తీసి, గోడకు ఆనించి జాబితా తెరిచింది. వేలితో లెక్కపెట్టింది. ఎక్కడో తప్పిందేమోనని మళ్ళీ పెట్టింది.

"పదకొండు మంది."

"ఎల్లప్ప కాకనా?"

"ఎల్లప్ప కాక."

"అందరికీ కాళ్ళు ఇచ్చేశారా?"

"ఇచ్చేశాం మేడం," అన్నాడు హరినాథ్. "ఎవరూ నొప్పని రాలేదు. ఒక్క కంప్లయింట్ లేదు."

"ఎట్ల వస్తారు సార్?"

తలుపు దగ్గర జిలాన్ నిలబడి ఉన్నాడు. వెనక ఎల్లప్ప భుజం కనిపిస్తోంది. "ఈయప్ప భార్య ఏమనె మొన్న? నొప్పి లేదనె. వరస పోతాదని బయం. వాళ్ళూ అంతే. నొచ్చినా వాళ్ళ కాలిదే తప్పనుకుంటారు."

లోపల మైకులో హరినాథ్ పేరు పిలిచారు. రెండోసారి పిలిచారు. అతను జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. చంకలోని ఫైలు తెరిచి, జిలాన్ సంతకం ఉన్న కాగితం తీసి, ఎవరికివ్వాలో తెలియనట్టు ఒక క్షణం పట్టుకున్నాడు. పంకజాక్షి చెయ్యి చాచి తీసుకుంది, షబ్రీన్ ఉత్తరంతో కలిపి మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

"మీరు లోపలికి వెళ్ళండి," అంది అతనితో. "ఎల్లప్పని నడిపించండి. అతని కాలు ఎవరు సరిచేశారో కూడా అందరికీ చెప్పండి. అమ్మాయీ, నువ్వు రావద్దు. ఆ పదకొండు మందికీ ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

హరినాథ్ తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. ఎల్లప్ప, పక్కన మోహన, వెనక జిలాన్. తలుపు మూసుకుంది.

షబ్రీన్ మెట్ల మీద కూచుని, ముందు ఆ పదకొండు కాళ్ళనీ ఒక్కొక్కటిగా తెరిచింది. ఏ బిళ్ళలూ లేకుండా, ఒట్టి చుక్కలుగా. మూడింట్లో ఏ తేడా కనిపించలేదు. నాలుగో కాలికి మోకాలి పక్కన పుట్టలాంటిది లేచి ఉంది. ప్రోగ్రాం నడిపితే పోయింది. ఏడోదానికి రెండు చోట్ల. ఆ ఏడో కాలు కాణిపాకం గుడి బయట గరిక మాలలు అమ్మే తిరుమలమ్మది. జూన్ నెలాఖరులో ఇచ్చారు. తీసుకునే రోజు ఆమె అందరికీ తలా ఒక లడ్డు పంచింది.

ఫోన్ చాలాసేపు మోగింది. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఎల్లప్ప నడుస్తున్నట్టున్నాడు.

"ఎవురూ?"

"తిరుమలమ్మా, చిత్తూరునుంచి, కాళ్ళ కేంద్రం షబ్రీన్‌ని. కాలు ఎట్లుండాది?"

"బాగుండాది మేడం. చానా బాగుండాది. కొత్తదాని మాదిరే ఉండాది."

"వేసుకుంటా ఉండారా?"

అవతల గుడి మైకు, ఎవరో గరిక ఎంత అని అడగడం వినిపించాయి.

"అటక మీద పెట్టినా మేడం," అంది తిరుమలమ్మ చివరికి. గొంతు తగ్గించింది. "పాడు గాకుండా గుడ్డ చుట్టే పెట్టినాలే. వారం దినాలు ఓర్చుకున్యా. నెత్తురొచ్చె. నా కాలు సరి లేదు దానికి. అంత మంచి కాలు ఇస్తిరి, నాకు రాసిపెట్టి లేదు. ఇంగెవురికన్నా ఇచ్చుకోండి, నేనేం అనుకోను."

షబ్రీన్ ఫోన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"మీ కాలు సరిగానే ఉండాదమ్మా. నేను చేసింది తప్పు."

"ఏమంటివి తల్లీ? ఈడ గోలగా ఉండాది. ఇంగొక తూరి చెప్పు."

ఆమె ఇంకోసారి, ఈసారి గట్టిగా చెప్పింది.